దేవుడి పేరు మీద బ్లేడు

ముందు ఒక మాట చెప్పేస్తా, లేకపోతే కబుర్లలో పడి మర్చిపోతా. సముద్రం పక్క ఊర్లో ఫ్లెక్సీ కట్టేటప్పుడు దానికి కోతలు పెట్టాల. నెలవంక మాదిరి, అక్కడక్కడ. ఆ కోతల్లో నుంచి గాలి పోతాది, ఫ్లెక్సీ నిలబడతాది. ఇది ఏ కంప్యూటర్ కోర్సులోనూ చెప్పరు. నాకూ ఎవురూ చెప్పలా అంటే అబద్ధం. చెప్పినారు. నేనే వినలా. ఎందుకు వినలేదో చెప్తే నవ్వుతారు. నవ్వండి, పర్వాలా.

నేను రిటైరయిన మనిషిని. దీనికి మాత్రం నవ్వమాకండి! పెళ్ళై సూళ్ళూరుపేట పక్కకొచ్చేసినాక ఫ్లెక్సీ పని మానేసినా. ఇప్పుడు ఇంట్లో జాకెట్లు కుడతా, రాకెట్ పోయే రోజు మిద్దెక్కి చూస్తా. పని మానేసిన దాన్ని రిటైర్మెంట్ అనక ఏమంటారు? అందుకని, ఇప్పుడు కొత్తగా ఫ్లెక్సీ షాపుల్లో కంప్యూటర్ ముందు కూర్చునే చెల్లెళ్ళకి నా అనుభవం చెప్పే హక్కు నాకుండాది.

మా పుట్టిల్లు కావలి దగ్గర పల్లె. మా నాయన వరి పండిస్తాడు. నేను ఇంటర్ గట్టెక్కలా. తెలుగు టైపింగ్, ఫోటోలు కత్తిరించడం నేర్చుకోని బస్టాండ్ పక్కన ఫ్లెక్సీ షాపులో చేరినా. ఓనర్ ముస్లిం. ఊరంతా ఆయన్ని భాయ్ అంటే నేను భాయన్నా అనేదాన్ని. భాయ్ అంటేనే అన్న అంట, రెండుసార్లు అన్న అంటున్నానని ఆయనే చెప్పినాడు. "పర్లేదులే, డబుల్ గౌరవం," అని నవ్వినాడు. ప్రింటింగ్ మెషిన్ దగ్గర ఇంకో అన్న ఉండేవాడు. మనిషి కంటే మెషినే ఎక్కువ మాట్లాడేది.

భాయన్నకి సముద్రం వైపు ఒక ఊర్లో ఇద్దరు దోస్తులు. ఒకరు చర్చి పాస్టరు గారు, చిన్నప్పుడు భాయన్నతో ఒకే బెంచీలో కూర్చున్న మనిషి. ఇంకొకరు అదే ఊరి మసీదులో నమాజు చేయించే హజరత్ గారు. ఆ ఊర్లో చర్చి వీధి, మసీదు వీధి ఆనుకోనే ఉంటాయి. రెండు వీధుల పిలకాయలూ కలిసి వాలీబాల్ ఆడేవాళ్ళు. ఒకటే టీము, ఒకటే నెట్టు.

ఉన్నట్టుండి ఆ టీముకి ఒక జబ్బు తగులుకుంది. ఎవడో ఫోన్లో స్టేటస్ పెట్టినాడు, దేవుడికి కొడుకేందిరా అని. ఇంకొకడు దానికి జవాబు పెట్టినాడు, దేవుడి సంగతి నీకేం తెల్సురా అని. అక్కడి నుంచి స్టేటస్ మీద స్టేటస్. టీము రెండు ముక్కలయింది, నెట్టు విప్పేసినారు. సాయంత్రమైతే గ్రౌండులో ఆ చివర వీళ్ళు, ఈ చివర వాళ్ళు, మధ్యలో బంతి లేదు.

అప్పుడు పాస్టరు గారు, హజరత్ గారు కూడబలుక్కోని ఒక మాట అనుకున్నారు. ఒకే స్టేజీ మీద ఇద్దరం కూర్చుందాం, దేవుడు ఒక్కడే అనేదాన్ని నువ్వెట్ట నమ్ముతావో నువ్వు చెప్పు, నేనెట్ట నమ్ముతానో నేను చెప్తా, పిలకాయల ముందరే చెప్దాం, తిట్టుకోకుండా ఒకరి మాట ఒకరు ఎట్ట కాదనొచ్చో వాళ్ళు చూడాల అని. ఎంత బాగుండాది కదా! నాకైతే వినంగానే ఒళ్ళు ఝల్లుమంది. దేవుడి గురించి ఇద్దరు పెద్దోళ్ళు ఎదురెదురుగా మాట్లాడతారంట, స్టేజీ వెనక ఫ్లెక్సీ నేను చేస్తానంట!

భాయన్న మాత్రం కంగారుగా ఉండాడు. "ఇద్దర్లో ఏ ఒక్కరు స్టేజీ ఎక్కకపోయినా, 'చూసినార్రా, భయపడి రాలేదు' అంటారు పిలకాయలు. ఆ మాటతో కర్రలు లేస్తాయి. ఫ్లెక్సీలో ఎవురికీ నొప్పి తగలకూడదు. సరేనా?"

"నాకొదిలెయ్యండి భాయన్నా," అన్నా.

ఫ్లెక్సీ పనిలో మాదొక మతం: ఖాళీ వదలకూడదు. పుట్టినరోజు కానీ, షాపు ఓపెనింగు కానీ, వర్ధంతి కానీ, ఎక్కడ జాగా కనపడితే అక్కడ ఒక మొహం పెట్టాల. మరి దేవుడి ఫ్లెక్సీ అంటే దేవుడి మొహం ఉండద్దా? మా ఇంట్లో గోడకి దేవుళ్ళందరూ వరసగా ఉంటారు. నేను ఆ లెక్కలోనే పోయినా.

ఎడం పక్క పాస్టరు గారి వైపు. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని చర్చి ఫ్లెక్సీల్లో కొట్టీ కొట్టీ నాకు నోటికి వచ్చేసింది. నెట్లో తెల్లగెడ్డం తాత ఒకడు దొరికినాడు. యేసుప్రభు బొమ్మ ముందే ఉండాది. పరిశుద్ధాత్మకి ఒక పావురాన్ని కూడా ఏరి, ముగ్గురినీ త్రిమూర్తుల మాదిరి ఒకటే ఒంటికి మూడు తలకాయలుగా అతికించినా. పావురం తల మరీ చిన్నగా ఉందని పెద్దది చేసినా.

కుడి పక్క హజరత్ గారి వైపు. వాళ్ళ దేవుడి ఫోటో ఎంత వెతికినా ఒక్కటీ దొరకలా. నెట్ స్లోగా ఉందేమో అనుకున్నా! చివరికి తలపాగా చుట్టుకోని చేతులెత్తి దువా చేస్తా ఉండే పెద్దాయన బొమ్మ ఒకటి తెచ్చి, తల వెనక బంగారు చక్రం తిప్పినా.

మెషిన్ అన్న తొంగి చూసి, "అదిరింది మే, పౌరాణికం పోస్టర్ మాదిరుండాది," అన్నాడు. ఎప్పుడూ మాట్లాడని మనిషి మెచ్చుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

మర్నాడు ఇద్దరు పెద్దోళ్ళూ ఒకే బైకు మీద వచ్చినారు. పాస్టరు గారు నడిపినారు, హజరత్ గారు వెనక. నేను ఉషారుగా స్క్రీన్ తిప్పి చూపించినా.

హజరత్ గారు చటుక్కున తల దించేసుకున్నారు. "తీసెయ్ బేటీ, ముందు తీసెయ్."

పాస్టరు గారు కళ్ళద్దాలు పైకి నెట్టి ఇంకా దగ్గరికొచ్చి చూసినారు. "ఏంది తల్లీ ఇది? ఈ మూడు తలకాయలాయన ఎవరు?"

"మీ దేవుడేనండీ. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. ముగ్గురు కదా."

"ముగ్గురు దేవుళ్ళు కాదమ్మా! దేవుడు ఒక్కడే!"

"మరి లెక్కేస్తే మూడు వస్తా ఉండాదే?"

హజరత్ గారు దించిన తల ఎత్తకుండానే భుజాలు కదిలేట్టు నవ్వినారు. "పాస్టరు గారూ, ఈ పిల్లని నేను నేర్పి పంపించలేదు, అల్లా సాక్షి. నేను ఇరవై మాటల్లో అడిగేది ఈమె ఒక్క మాటలో అడిగింది."

"నువ్వు నవ్వమాక సాయిబూ," పాస్టరు గారు ఉడుక్కున్నారు. నా వైపు తిరిగి కుర్చీ లాక్కున్నారు. "చూడు తల్లీ. ఒకటీ ఒకటీ ఒకటీ కూడితే మూడు, అది సరకుల లెక్క. దేవుడు సరుకు కాదు. ఉండే దైవత్వం ఒకటే. ఆ ఒక్కదానిలోనే తండ్రి, కుమారుడు, ఆత్మ. ముగ్గురు వ్యక్తులు, ఒక్క దేవుడు. ముక్కలు కాదు, ముగ్గురు దేవుళ్ళు కాదు."

"గుడ్డు మాదిరా? పెంకు, తెల్లసొన, పచ్చసొన?"

"అట్ట కూడా చెప్తారు కానీ..."

"గుడ్డు పగిలితే పెంకు ఒక పక్క, సొన ఒక పక్క," అన్నారు హజరత్ గారు. "దేవుడు పగుల్తాడా?"

"పగలడు. అందుకే నేను గుడ్డు చెప్పను," అన్నారు పాస్టరు గారు. "ఏ పోలికా సరిపోదు."

"హా! పోలిక సరిపోదు అన్నారు కదా, అదే మేం చెప్పేది. ఆయనకి పోలిక లేదు. అమ్మా నాన్నా లేరు, బిడ్డల్లేరు, జత లేదు, సాటి లేదు. పోలిక లేని ఆయనకి నువ్వు తలపాగా చుట్టినావు బేటీ."

నేను నాలిక కరుచుకున్నా. "తప్పయిపోయింది హజరత్ గారూ. మరి మీకు యేసుప్రభు?"

"ఈసా మాకు గొప్ప ప్రవక్త. ఆయనమ్మ మరియం మాకు ఎంతో పూజ్య... కాదు, గౌరవం. పూజ అల్లాకి ఒక్కడికే. తండ్రి లేకుండా పుట్టినాడని మేమూ నమ్ముతాం. కానీ ఆయన దేవుడి దాసుడు, దేవుడు కాదు, దేవుడి కొడుకు కాదు."

"మీ ఇద్దరికీ మరియమ్మ ఉండాదా!" నేను కుర్చీలోంచి లేచి నిలబడినా. నిజంగా నాకు అప్పటిదాకా తెలీదు. ఎన్నో మిలాద్ ఫ్లెక్సీలు, ఎన్నో క్రిస్మస్ ఫ్లెక్సీలు ఈ చేత్తోనే చేసినా, ఒక్క రోజు కూడా అడగలా. ఈ మనుషులు ఒకే అమ్మాయి గురించి మాట్లాడుకుంటా, ఆమె బిడ్డ దగ్గరకొచ్చేసరికి రెండు దారులు పట్టినారంట! నాకు ఆ రోజు అన్నం సహించలా, అంత హుషారు.

భాయన్న టీ తెప్పించినాడు. "బొమ్మలు తీసేయ్. అక్షరాలే పెట్టు," అన్నాడు.

పైన పెద్దగా ఏం రాయాల? ఇద్దరూ ఒక్కసారే అన్నారు, "దేవుడు ఒక్కడే." మళ్ళా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకటే మాట కావాలంటే ఇంక మీటింగ్ ఎందుకు, పిలకాయల్ని ఇంటికి పంపించేద్దాం అన్నా నేను. "ఆ మాటకి అర్థం చెప్పడానికే మీటింగు," అన్నారు పాస్టరు గారు. సరే, కింద ఎడం పక్క ఆయన పేరు, కుడి పక్క ఈయన పేరు. రంగు దగ్గర కాసేపు పీకులాడినారు. చివరికి తెల్లది నేల, నీలం అక్షరాలు.

అక్షరాలు బోసిగా ఉన్నాయని నాకు మనసొప్పలా. కొంచెం త్రీడీ ఎఫెక్ట్ ఇచ్చినా, వెనక నీడ, దాని వెనక ఇంకో గీత. బ్రహ్మాండంగా లేచింది. హజరత్ గారు చాలాసేపు చూసి మెల్లిగా అడిగినారు, "బేటీ, నా కళ్ళు సరిగా లేవేమో. ఈ 'ఒక్కడే' నాకు ముగ్గురుగా కనపడతా ఉండాడే?"

పాస్టరు గారు టీ పొరబోయేదాకా నవ్వినారు. "ఈ తూరి నేను నేర్పి పంపించలేదు సాయిబూ!"

నీడ తీసేసినా. బోసి అక్షరాలు. ఇద్దరూ తలకాయ ఊపినారు. అంతే, ఫ్లెక్సీ పాసయింది, ఇద్దరూ స్టేజీ ఎక్కుతారు. వాళ్ళు బైకెక్కి పోతా ఉంటే నేను గల్లాపెట్టె దగ్గరికొచ్చి భాయన్నకి చెయ్యి కలిపేసినా, ఆడపిల్లననే సంగతే మర్చిపోయి.

ఇప్పుడు అసలు తప్పు దగ్గరికొస్తున్నా. బొమ్మల తప్పు కంప్యూటర్లోనే పోయింది. ఇది పోలా.

మెషిన్లో నుంచి ఫ్లెక్సీ బయటికొచ్చినాక మెషిన్ అన్న బ్లేడు తీసినాడు, కోతలు పెట్టడానికి. అక్షరాలు ఎంత పెద్దవంటే ఈ చివర నుంచి ఆ చివరదాకా నిండిపోయినాయి. ఎక్కడ కోసినా అక్షరం మీదే పడతాది. బ్లేడు తీసుకుపోయి సరిగ్గా 'దేవుడు' మీద పెట్టినాడు.

"ఆగన్నా!" అని అరిచినా. "దేవుడి పేరు మీద బ్లేడు పెడతావా? ఇద్దరు పెద్దోళ్ళు నీడ పడితేనే ఒప్పుకోలా. కోత పడితే ఊరుకుంటారా? స్టేజీ ఎక్కుతారా?"

"సముద్రం గాలి మే."

"దేవుడి మీటింగుకి దేవుడే గాలి ఆపుతాడులే."

మెషిన్ అన్న బ్లేడు జేబులో పెట్టుకున్నాడు. ఆయన ఎక్కువ మాట్లాడడని చెప్పినా కదా. అప్పుడన్నా ఇంకో రెండు మాటలు మాట్లాడి ఉండాల్సింది.

మీటింగు రోజు సాయంత్రం ఆ వాలీబాల్ గ్రౌండులో చెక్కలతో చిన్న స్టేజీ, దాని వెనక రెండు సరుగుడు గుంజలు పాతి ఫ్లెక్సీ కట్టినారు. ముందర కుర్చీలు. చర్చి ఆడోళ్ళు, మసీదు వీధి ఆడోళ్ళు ఒక పక్కన కూర్చున్నారు, పిల్లల గురించి, రొయ్యల రేటు గురించి మాట్లాడుకుంటా ఉండారు. ఆడోళ్ళకి ఏ తగాదా లేదు. పిలకాయలు మాత్రం ఎడం పక్క ఒక గుంపు, కుడి పక్క ఒక గుంపు. చేతులు కట్టుకోని, ఫోన్లు బయటికి తీసి. ఎవుడు ఏం నోరు జారతాడా, రికార్డు చేద్దామా అని.

నేను, భాయన్న, మెషిన్ అన్న స్టేజీ పక్కన నిలబడినాం. భాయన్న పెదాలు కదుల్తా ఉండాయి, దువా చదువుకుంటా ఉండాడని అర్థమయింది.

హజరత్ గారు, పాస్టరు గారు స్టేజీ ఎక్కి కూర్చున్నారు. ఎక్కినారు! నా పని అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నా. నేను పీల్చిన ఊపిరి సముద్రం వదిలింది.

మొదట ఫ్లెక్సీ కొంచెం ఉబ్బింది. తర్వాత బాగా ఉబ్బింది, తెరచాప మాదిరి. గుంజలు కిర్రుమన్నాయి. ఎడం పక్క గుంజ పాతిన చోట ఇసక లేచి, గుంజ ముందుకి వాలింది, నేరుగా ఇద్దరు పెద్దోళ్ళ నెత్తి మీదికి.

"గుంజ! గుంజ పడతా ఉండాది!" నేను అరిచిన అరుపు మైకు లేకుండానే రెండు వీధులకీ వినపడి ఉంటాది.

అప్పుడు చూడాల! ఎడం గుంపు, కుడి గుంపు అని లేదు, పిలకాయలందరూ ఒక్క దూకున వచ్చినారు. నలుగురు గుంజ పట్టుకున్నారు, మిగతావాళ్ళు తాళ్ళు పట్టుకోని వెనక్కి లాగతా ఉండారు. గాలి ఇటు లాగతాది, వాళ్ళు అటు.

"లాగరా!"

"నువ్వు లాగు, నేను పట్టుకోనుండానుగా!"

"కాలు అడ్డం పెట్టు బ్రదర్, జారతావు!"

స్టేటస్‌లు పెట్టుకున్నోళ్ళే వాళ్ళు.

మెషిన్ అన్న బ్లేడు నా చేతిలో పెట్టి నన్ను స్టేజీ మీదికి తోసినాడు. భాయన్న కేకేసినాడు, "కొయ్యమ్మా, కొయ్యి! గాలికి దారియ్యి!"

నేను బ్లేడు ఎత్తినా. నా ముందర నిలువెత్తు 'దేవుడు'. "దేవుడి పేరు భాయన్నా! ఎట్ట కొయ్యను?"

"కొయ్యి బేటీ!" వెనక నుంచి హజరత్ గారు. "పేరు గుడ్డ మీదుండాది, ఆయన గుడ్డ మీద లేడు!"

"కొయ్యి తల్లీ, ఆయనకి దెబ్బ తగల్దు, మాకు తగుల్తాది!" పాస్టరు గారు.

ఇద్దరూ ఒక్క గొంతుతో అరిచినారు, కొయ్యి అని. కోసినా. 'దే' మీద ఒక కోత, 'వు' మీద ఒక కోత, 'ఒక్కడే' మీద ఎన్ని పడినాయో నాకే తెలీదు. ఒక్కో కోతకి ఫ్లెక్సీ బుస్సుమని గాలి వదిలింది. ఆ గాలి నా మొహానికి తగిలింది, ఉప్పు వాసన. ఫ్లెక్సీ మెల్లిగా సర్దుకోని, ఒళ్ళంతా చిల్లులతో నిలబడింది.

పాస్టరు గారు వెనక్కి తిరిగి చూసినారు. మైకు ఆన్‌లో ఉండాదని మర్చిపోయినారు. "సాయిబూ, ఈ పిల్ల మీ పార్టీ. అన్నీ నెలవంకలే కోసింది."

హజరత్ గారు కూడా మెడ తిప్పి చూసినారు. "అక్కడ చూడండి, కంగారులో రెండు అడ్డం నిలువు పడినాయి. అయ్యి మీయి."

గ్రౌండంతా ఒకటే నవ్వు. తాళ్ళు పట్టుకున్నోళ్ళు కూడా నవ్వినారు, కానీ వదల్లేదు. వదిలితే గుంజ పడిపోతాది. ఇసకలో మళ్ళా పాతే టైము లేదు. అందుకని మీటింగు జరిగినంతసేపూ ఆ పిలకాయలు తాళ్ళు పట్టుకోని నిలబడాల్సొచ్చింది. ఒక్కో తాడుకి చర్చి వీధోడు ఒకడు, మసీదు వీధోడు ఒకడు, ఎవురు ముందు దొరికితే వాళ్ళు. ఫోన్ తియ్యడానికి చెయ్యి ఖాళీ లేదు. పక్కనోడి చెమట వాసన పీల్చుకుంటా ఇద్దరి మాటలూ వినాల్సిందే.

పాస్టరు గారు మాట్లాడినారు. దేవుడు ప్రేమ, అన్నారు. లోకం పుట్టకముందు, ప్రేమించడానికి ఎవరూ లేనప్పుడు కూడా ఆయన ప్రేమే, అంటే ఆ ఒక్క దేవుడిలోనే ప్రేమించేవాడు, ప్రేమ పొందేవాడు ఉండారు, తండ్రీ కుమారుడూ ఉండారు అని. ఆ దేవుడు మన దగ్గరికి మనిషిగా దిగొచ్చినాడని చెప్తా చెప్తా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడినారు.

హజరత్ గారు తొందరపడలా. పాస్టరు గారి మాట బాగుండాది అన్నారు. నేను దాన్ని ఒప్పుకోను అని కూడా అన్నారు. ప్రేమించడానికి ఇంకొకరు కావాలంటే అది మన అవసరం. ఆయనకి ఏ అవసరమూ లేదు, మనందరికీ ఆయన అవసరం. ఆయన దిగొచ్చి మనిషి అవ్వాల్సిన పని లేదు, మెడలో నరం కంటే దగ్గరగా ముందే ఉండాడు అని.

నాకు ఇద్దరి మాటలకీ రోమాలు లేచినాయి. ఎవురి మాట అయిపోతే వాళ్ళదే నిజమనిపించింది. ఇట్టాంటి మనసు పెట్టుకోని ఎట్ట బతుకుతావే అని మా అమ్మ ఊరికే అనదు.

ఇంతలో మసీదు నుంచి అజాన్ వినపడింది. హజరత్ గారు మైకు కింద పెట్టి నమాజు చేయించడానికి లేచినారు. తాడు పట్టుకున్న ముస్లిం పిలకాయలు ఒకరినొకరు చూసుకున్నారు. నమాజుకి పోవాల. పోతే తాడు?

నా పక్క తాడు దగ్గర మసీదు వీధి పిలకాయ నిలబడి ఉండాడు. మొదటి స్టేటస్ పెట్టింది వాడేనంట, తర్వాత భాయన్న చెప్పినాడు. పక్కనోడి వైపు చూడకుండానే అన్నాడు, "నమాజు చేసొస్తా. పట్టుకుంటావా?"

"పోయిరా. నాకోసరం కూడా అడుగు."

"నీకోసరం ఏం అడగాల?"

"చేతులు ఊడిపోకుండా చూడమని అడుగు."

వాడు నవ్వి పరిగెత్తినాడు. వాళ్ళు వచ్చేదాకా చర్చి పిలకాయలే ఆ గాలిలో అన్ని తాళ్ళూ పట్టుకున్నారు. పాస్టరు గారు కూడా స్టేజీ దిగి ఒక తాడు అందుకున్నారు. అటూ ఇటూ చూసి నేనూ ఒకటి పట్టుకున్నా. వాళ్ళు తిరిగొచ్చినాక వీళ్ళని కూర్చోబెట్టి, మిగతా మీటింగంతా వాళ్ళు మోసినారు. చివరి దాకా ఎవురూ ఎవురి మాటా ఒప్పుకోలా. ఎవురూ లేచి పోలా.

ఇంటికి పోయినాక మా అమ్మ అన్నం పెడతా అడిగింది, "ఎవురు గెలిచినారే?"

"ఎవురూ గెలవలా మా."

"మరి ఇంతసేపు ఏం చేసినారు?"

నా రెండు అరచేతులూ తిప్పి చూపించినా. తాడు ఒరుసుకోని ఎర్రగా బొబ్బలెక్కినాయి. మా అమ్మ గరిటె కింద పెట్టి, చేతులు పట్టుకోని ఊదతా, "ఎవురి దేవుడి కోసరమే ఇది?" అనింది.

"తెలీదు మా," అన్నా. "ఊదు, ఊదు, చల్లగా ఉండాది."